బైట్‌కోడ్ ఆఫ్‌సెట్ నుంచి సోర్స్ లైన్ నంబర్: టేబుల్‌ను చిన్నగా, లైన్ తప్పు రాకుండా కట్టడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: సీలో ఒక చిన్న స్టాక్ వీఎం (బైట్‌కోడ్‌ని, అంటే కంపైలర్ ఇచ్చే ఆజ్ఞల బైట్లని, ఒక స్టాక్ సాయంతో నడిపే వర్చువల్ మెషీన్) రాస్తున్నారు. రన్‌టైమ్ ఎర్రర్‌లో లైన్ నంబర్ చూపించాలి కాబట్టి బైట్‌కోడ్‌లోని ప్రతి బైట్‌కీ 4 బైట్ల పూర్ణాంకం ఒకటి పక్కన అర్రేలో దాచారు. ఇప్పుడు ఆ అర్రే అసలు కోడ్‌కి నాలుగింతలైంది. దాన్ని తగ్గించాలి, లైన్ మాత్రం తప్పుగా రాకూడదు. రన్-లెంగ్త్ (ఒకే లైన్ వరుసగా ఎన్ని బైట్లకి వచ్చిందో రాయడం) సరిపోతుందా, లేక పైథాన్, జావా చేసినట్టు ఇంకేదైనా చేయాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: లైన్ మారిన చోట మాత్రమే ఒక ఎంట్రీ రాయండి. ఎంట్రీ అంటే రెండు అంకెలు: ఏ ఆఫ్‌సెట్ (కోడ్ మొదటి నుంచి ఎన్నో బైట్) నుంచి, ఏ లైన్. వెతికేటప్పుడు బైనరీ సెర్చ్ చేయండి. చాలా చిన్న భాషలకు ఇంతటితో పని అయిపోతుంది. ఇంకా తగ్గించాలంటే వాటినే ముందు ఎంట్రీతో తేడాలుగా మార్చి, ఒక్కో ఎంట్రీని ఒక్కో బైట్‌లో ఇమడ్చండి. రెండింటిలో ఏది ఎంచుకున్నా కంపైల్ చేస్తున్నంతసేపూ మీ పూర్తి అర్రేని అలాగే ఉంచుకోండి. ఫంక్షన్ కంపైలేషన్ ముగిశాక ఒక్కసారి కుదించి, అర్రేని పారేయండి.

చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. కుదించిన రూపంలోకి నేరుగా రాస్తూ పోతే, ఆ తర్వాత ఒక ఇన్‌స్ట్రక్షన్‌ని తీసేసినా, చిన్న జంప్‌ని పెద్ద జంప్‌గా మార్చినా టేబుల్‌ని మధ్యలో తెరిచి సరిచేయాలి. సీపైథాన్‌లో (పైథాన్ భాష ప్రధాన అమలు) పాత పీప్‌హోల్ ఆప్టిమైజర్ (పక్కపక్క ఇన్‌స్ట్రక్షన్లను చూసి మెరుగుపరిచే భాగం) పనికిరాని ఇన్‌స్ట్రక్షన్లను తీసేసినప్పుడల్లా కుదించిన లైన్ టేబుల్‌ని కూడా తిరగరాయాల్సి వచ్చేది. చిన్న ప్రాజెక్టులో ఆ బాధ అక్కర్లేదు. కంపైల్ సమయపు మెమరీ తాత్కాలికమే, అక్కడ పొదుపు చేసి సాధించేదేమీ లేదు.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. సోర్స్ ఇలా ఉందనుకోండి:

10: మొత్తం = కలుపు(
11: ధర,
12: పన్ను)
13: (ఖాళీ)
14: చూపించు(మొత్తం)

దీనికి వచ్చే బైట్‌కోడ్:

0: గ్లోబల్ తీసుకో "కలుపు" – 2 బైట్లు – లైన్ 10
2: లోకల్ తీసుకో "ధర" – 2 బైట్లు – లైన్ 11
4: లోకల్ తీసుకో "పన్ను" – 2 బైట్లు – లైన్ 12
6: కాల్, 2 ఆర్గ్యుమెంట్లు – 2 బైట్లు – లైన్ 10
8: లోకల్‌లో పెట్టు "మొత్తం" – 2 బైట్లు – లైన్ 10
10: గ్లోబల్ తీసుకో "చూపించు" – 2 బైట్లు – లైన్ 14
12: లోకల్ తీసుకో "మొత్తం" – 2 బైట్లు – లైన్ 14
14: కాల్, 1 ఆర్గ్యుమెంట్ – 2 బైట్లు – లైన్ 14
16: పాప్, 17: శూన్యం, 18: రిటర్న్ – తలా 1 బైట్ – లైన్ 14

మొత్తం 19 బైట్ల కోడ్. మీ ఇప్పటి పద్ధతిలో లైన్లకే 76 బైట్లు. లైన్ మారిన చోట్లు మాత్రం ఐదే: (0, 10), (2, 11), (4, 12), (6, 10), (10, 14). రెండు అంకెలకూ తలా 4 బైట్లు పెట్టినా 40 బైట్లు, తలా 2 బైట్లయితే 20. పైగా ఇది కావాలనే ఇబ్బందికరంగా తీసుకున్న ఉదాహరణ, కాల్ మూడు లైన్ల మీద పరుచుకుంది. మామూలు కోడ్‌లో ఒక లైన్‌కి పది బైట్ల బైట్‌కోడ్ వస్తుందనుకుంటే, ఒక్కో కోడ్ బైట్‌కి పడే భారం 4 నుంచి 0.8కి దిగుతుంది. మీ సొంత టెస్ట్ ప్రోగ్రాముల మీద కొలవడం చాలా తేలిక: లైన్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టి, మొత్తం కోడ్ పొడవుతో భాగించండి. ఆ నిష్పత్తి చేతికొచ్చాకే ఏ ఫార్మాట్ అన్నది తేల్చుకోండి.

రన్-లెంగ్త్ గురించి అడిగారు కదా. (ఎన్ని బైట్లు, ఏ లైన్) అని రాసే ఆ రూపం, (ఎక్కడ మొదలు, ఏ లైన్) అని రాసే రూపం దాదాపు ఒకే చోటు తీసుకుంటాయి. తేడా వెతకడంలో ఉంది. పొడవులు దాస్తే మొదటి నుంచి కూడుకుంటూ రావాలి, మొదలు దాస్తే నేరుగా బైనరీ సెర్చ్ చేయొచ్చు. అందుకే రెండోదే తీసుకోమంటాను. జావా క్లాస్ ఫైల్ కూడా దాన్నే ఎంచుకుంది. అక్కడి లైన్ నంబర్ టేబుల్‌లో ఎంట్రీకి 4 బైట్లు: 2 బైట్లు మొదలయ్యే ఆఫ్‌సెట్‌కి, 2 బైట్లు లైన్‌కి. ఒక మెథడ్ కోడ్ 65,535 బైట్లు దాటకూడదనే నియమం జావాలో ముందే ఉంది కాబట్టి ఆఫ్‌సెట్‌కి 2 బైట్లు సరిపోయాయి. లైన్ నంబర్‌కి అలాంటి హామీ లేదు. యంత్రం పుట్టించిన భారీ ఫైల్లో 65,535వ లైన్ దాటితే ఆ ఫార్మాట్‌లో రాయడానికి చోటు లేదు. మీరు 2 బైట్లు వాడదలిస్తే లైన్‌ను ఫంక్షన్ మొదటి లైన్ నుంచి తేడాగా దాచండి, ఈ ఇబ్బంది దాదాపు పోతుంది.

రెండో మెట్టు: ఎంట్రీకి ఒక బైట్

ఇది నిజంగా కావాలా అని ముందు ఆలోచించండి. మైక్రోకంట్రోలర్ మీద నడిచే వీఎంకో, వేల ఫంక్షన్లు ఒకేసారి మెమరీలో ఉండే సర్వర్‌కో కావాలి. మిగతావాళ్ళు పై పద్ధతి దగ్గరే ఆగిపోవచ్చు.

వరుసగా ఉన్న ఎంట్రీల మధ్య తేడాలు చిన్నవి అన్న గమనిక మీదే ఈ మెట్టు నిలబడింది. పై ఉదాహరణలో మొదటి లైన్ 10ని ఫంక్షన్ హెడర్‌లో పెడితే మిగిలేవి నాలుగు తేడాలు. ఆఫ్‌సెట్ తేడా, లైన్ తేడా వరుసలో రాస్తే: (2, +1), (2, +1), (2, −2), (4, +4). ఈ జంటను ఒక్క బైట్‌లో పెట్టే చక్కటి పద్ధతి ఆండ్రాయిడ్ యాప్‌ల బైట్‌కోడ్‌ని దాచే డెక్స్ ఫార్మాట్‌లో ఉంది. మూలం డ్వార్ఫ్ డీబగ్ ఫార్మాట్‌లోని ఆలోచనే. డెక్స్‌లో 0 నుంచి 9 వరకు ఉన్న విలువలు ప్రత్యేక ఆజ్ఞలు. 10 నుంచి 255 వరకు ఉన్నవి ఒకేసారి ఆఫ్‌సెట్‌నీ లైన్‌నీ జరుపుతాయి. లెక్క ఇది:

బైట్ = 10 + (లైన్ తేడా + 4) + 15 × ఆఫ్‌సెట్ తేడా

తిరిగి విప్పాలంటే బైట్‌లోంచి 10 తీసేయండి. 15తో భాగిస్తే వచ్చే భాగఫలం ఆఫ్‌సెట్ తేడా, శేషంలోంచి 4 తీసేస్తే లైన్ తేడా. అంటే లైన్ −4 నుంచి +10 వరకు, ఆఫ్‌సెట్ 0 నుంచి 15 వరకు ఏ జంటైనా ఒక్క బైట్‌లో పడుతుంది. (డెక్స్ ఆఫ్‌సెట్‌ను బైట్లలో కాక 2 బైట్ల యూనిట్లలో లెక్కిస్తుంది. మన ఉదాహరణలో బైట్లే అనుకుందాం.) మన నాలుగు జంటలు 45, 45, 42, 78 అవుతాయి. 42ని విప్పి చూడండి: 32 వచ్చింది, భాగఫలం 2, శేషం 2, లైన్ తేడా −2. సరిపోయింది. 76 బైట్లు 4కి దిగాయి, హెడర్‌లో మొదటి లైన్, చివర ముగింపు బైట్ అదనం.

ఇమడని తేడాలకు ప్రత్యేక ఆజ్ఞలు వాడతాం. డెక్స్‌లో 0 అంటే టేబుల్ ముగింపు, 1 అంటే ఆఫ్‌సెట్‌ని పక్కనున్న సంఖ్య మేరకు జరుపు, 2 అంటే లైన్‌ని జరుపు. ఆ పక్కనున్న సంఖ్య ఎంత పొడవైనా ఉండొచ్చు. బైట్‌కి 7 బిట్ల చొప్పున, చిన్న భాగం ముందు రాసి, ఇంకా ఉందంటే పై బిట్‌ని 1 చేస్తారు. రుణ సంఖ్యలకు నేనైతే జిగ్‌జాగ్ వాడమంటాను: 0కి 0, −1కి 1, +1కి 2, −2కి 3, ఇలా. ధన సంఖ్య అయితే రెండింతలు, రుణ సంఖ్య అయితే గుర్తు తీసేసి రెండింతలు చేసి 1 తగ్గించడం. సీలో రుణ సంఖ్యను ఎడమకి షిఫ్ట్ చేయడం నిర్వచితం కాదు, కాబట్టి గుణకారంతోనో, ముందే అన్‌సైన్డ్‌కి మార్చుకునో చేయండి.

ఉదాహరణకు మధ్యలో పెద్ద కామెంట్ వచ్చి లైన్ 300 ముందుకి, ఆఫ్‌సెట్ 6 ముందుకి పోయిందనుకోండి. 300కి జిగ్‌జాగ్ 600, అది రెండు బైట్లు: 216, 4. తర్వాత లైన్ తేడా 0, ఆఫ్‌సెట్ తేడా 6 ఉన్న మామూలు బైట్ 104. మొత్తం 2, 216, 4, 104. నాలుగు బైట్లు పోయాయి, కానీ ఇలాంటివి అరుదు.

ఇక్కడొక నియమం ఖచ్చితంగా పాటించాలి: 1, 2 ఆజ్ఞలు విలువల్ని జరుపుతాయే గానీ కొత్త ఎంట్రీని పుట్టించవు. 10 గానీ అంతకన్నా పెద్దది గానీ అయిన బైట్ వచ్చినప్పుడే ఎంట్రీ పుడుతుంది. ఈ నియమం లేని ఫార్మాట్లలో ఎక్కడా లేని లైన్లు మధ్యలో కనిపిస్తాయి. సీపైథాన్ పాత టేబుల్ (ఆఫ్‌సెట్ తేడా, లైన్ తేడా) అనే రెండేసి బైట్ల జంటలతో ఉండేది. లైన్ తేడా ఒక బైట్‌లో పట్టకపోతే దాన్ని ముక్కలు చేసి, ఆఫ్‌సెట్ తేడా 0గా ఉన్న అదనపు జంటలు రాసేవారు. చదివేవాడు ఒకే ఆఫ్‌సెట్‌కి వచ్చిన జంటలన్నిటినీ కూడుకున్నాకే ఆగాలి. మొదటి జంట దగ్గర ఆగిన ప్రతి టూల్‌కీ తప్పు లైన్ వచ్చేది.

4, 15 అనే అంకెల్ని మాత్రం గుడ్డిగా తీసుకోకండి. స్టాక్ వీఎంలో ఒక లైన్‌కి 20, 25 బైట్లు రావడం మామూలే, అప్పుడు ఆఫ్‌సెట్ 15 దాటి తరచూ ప్రత్యేక ఆజ్ఞ పడుతుంది. క్విక్‌జేఎస్ (ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్) లైన్ తేడాకి −1 నుంచి +3 వరకు ఐదు విలువలే ఇచ్చి, ఆఫ్‌సెట్‌కి 50 వరకు చోటు వదిలింది. జావా వీఎం అయిన హాట్‌స్పాట్ క్లాస్ ఫైల్‌లోని 4 బైట్ల ఎంట్రీలను లోడ్ చేసేటప్పుడు తన లోపలి రూపంలోకి కుదిస్తుంది: ఒక బైట్‌లో 5 బిట్లు ఆఫ్‌సెట్ తేడాకి, 3 బిట్లు లైన్ తేడాకి, పట్టకపోతే 255 అని రాసి ఆ తేడాలనే పూర్తి సంఖ్యలుగా. అక్కడ ఒక బైట్ రూపంలో రుణ తేడాకి చోటు లేదు, వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ పొడవు రూపమే. మీ టెస్ట్ ప్రోగ్రాముల్లో తేడాల పట్టిక ఒకటి తీసి, నూటికి తొంభై జంటలు ఒక బైట్‌లో పడేలా మీ అంకెలు పెట్టుకోండి. ఇన్‌స్ట్రక్షన్లన్నీ 4 బైట్లే అయితే ఆఫ్‌సెట్‌ని ముందే 4తో భాగించి దాచండి. ఆ ఒక్క మార్పుతో ప్రత్యేక ఆజ్ఞలు చాలావరకు మాయమవుతాయి.

స్థిర పొడవు ఇన్‌స్ట్రక్షన్లకు ఇంకో దారి

మీది స్టాక్ వీఎం అన్నారు కాబట్టి ఇది మీకు నేరుగా పనికిరాకపోవచ్చు, కానీ రిజిస్టర్ వీఎం (విలువల్ని స్టాక్ బదులు నంబర్లున్న గడుల్లో ఉంచేది) వైపు మారే ఆలోచన ఉంటే తెలిసి ఉండాలి. లువా భాష 5.3 వెర్షన్ వరకు ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ ఒక పూర్తి పూర్ణాంకం దాచేది, అంటే 4 బైట్ల ఇన్‌స్ట్రక్షన్‌కి 4 బైట్ల లైన్. 2020లో వచ్చిన లువా 5.4లో అది ఇన్‌స్ట్రక్షన్‌కి ఒక్క సైన్డ్ బైట్ అయింది, ముందు ఇన్‌స్ట్రక్షన్ లైన్‌తో తేడా. తేడా బైట్‌లో పట్టకపోతే −128 అనే గుర్తు రాసి, అసలు లైన్‌ను వేరే చిన్న అర్రేలో (ఆఫ్‌సెట్, లైన్) జంటగా పెడతారు. పట్టినా సరే, కనీసం 128 ఇన్‌స్ట్రక్షన్లకు ఒకసారి అలాంటి పూర్తి జంట తప్పనిసరి. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళలా అవి ఉండబట్టే వెతికేవాడు ఫంక్షన్ మొదటి నుంచి నడవక్కర్లేదు, దగ్గరి రాయి నుంచి మొదలుపెట్టొచ్చు.

లువాని నడిపే మరో ఇంజిన్ లువాజిట్ ఇంకా సరళం. ఫంక్షన్ మొదటి లైన్ నుంచి దూరాన్ని దాస్తుంది. ఫంక్షన్ 256 లైన్ల లోపైతే ఇన్‌స్ట్రక్షన్‌కి 1 బైట్, 65,536 లోపైతే 2, ఆపైన 4. విప్పడం లేదు, కూడడం లేదు, రుణ సంఖ్యలు అసలే లేవు. నేరుగా ఇండెక్స్ చేసి తీసుకోవడమే. స్థిర పొడవు ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నవాళ్ళు అన్నిటికన్నా ముందు దీన్నే ప్రయత్నించాలని నా అభిప్రాయం. కొంచెం పెద్దదే, కానీ తప్పు చేయడానికి చోటు లేదు.

తప్పులు జరిగే చోట్లు

ఫార్మాట్ ఏదైనా, లైన్ తప్పుగా రావడానికి కారణాలు ఎక్కువగా దాని బయటే ఉంటాయి.

మొదటిది ఐపీ ఒక అడుగు ముందుండటం. ఐపీ అంటే తర్వాత చదవబోయే బైట్‌ని చూపించే పాయింటర్. ఇన్‌స్ట్రక్షన్‌ని చదివేశాక ఎర్రర్ వస్తే ఐపీ అప్పటికే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ మీదికి వెళ్ళి ఉంటుంది. మన ఉదాహరణలో ఆఫ్‌సెట్ 8 దగ్గరి ఇన్‌స్ట్రక్షన్‌లో తప్పు జరిగితే ఐపీ 10, టేబుల్ లైన్ 14 అంటుంది, అసలు తప్పు లైన్ 10లో. మందు: ఐపీలోంచి 1 తీసేసి వెతకడం. ఆపరాండ్లు (ఆజ్ఞ వెనక వచ్చే విలువలు) చదివినా చదవకపోయినా ఐపీ−1 అదే ఇన్‌స్ట్రక్షన్ లోపలే ఉంటుంది. టేబుల్ ఆఫ్‌సెట్ల పరిధితో పనిచేస్తుంది కాబట్టి ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటే కావాలన్న పట్టింపు లేదు. స్టాక్ ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) పైనున్న ప్రతి ఫ్రేమ్‌కీ, అంటే ప్రతి కాల్‌కీ, ఇదే వర్తిస్తుంది, అక్కడ దాచినది తిరిగి రావాల్సిన చోటు కదా. ఒక్క మినహాయింపు: ఇంకా మొదలే కాని కోరూటీన్ (మధ్యలో ఆగి మళ్ళీ కొనసాగగల ఫంక్షన్) ఫ్రేమ్‌లో ఐపీ 0, దాంట్లోంచి 1 తీస్తే −1. ఆ సందర్భంలో ఫంక్షన్ మొదటి లైన్‌ని ఇవ్వండి.

రెండోది లైన్లు వెనక్కి వెళ్ళడం. ఆఫ్‌సెట్ పెరిగేకొద్దీ లైన్ కూడా పెరుగుతుందనుకుని తేడాని అన్‌సైన్డ్ చేసేవాళ్ళు చాలామంది. మూడు భాగాల ఫర్ లూప్‌లో ఇంక్రిమెంట్ రాసి ఉండేది లూప్ తలలో, చాలా కంపైలర్లు దాని కోడ్‌ని పెట్టేది బాడీ తర్వాత. బాడీ 40 లైన్లుంటే అక్కడ తేడా −40. పై ఫార్మాట్‌లో ఆఫ్‌సెట్ తేడా 3 అయితే అది 2, 79, 59 అని మూడు బైట్లు. సీపైథాన్‌లో లైన్ తేడాకి రుణ సంఖ్యలు 3.6 వెర్షన్‌లో గానీ రాలేదు. మీరు మొదటి రోజు నుంచే చోటు ఉంచండి.

దీనికి తోడు సీలో ఉన్న ఒక ఉచ్చు. గుర్తు చెప్పని మామూలు క్యారెక్టర్ టైప్ ఎక్స్86 మీద సాధారణంగా సైన్డ్, ఆర్మ్ లినక్స్ మీద అన్‌సైన్డ్. లైన్ తేడాని ఆ టైప్‌తో చదివితే మీ ల్యాప్‌టాప్‌లో −2గా ఉన్నది రాస్ప్‌బెర్రీ పైలో 254 అవుతుంది, టెస్టులన్నీ మీ దగ్గర పాసవుతూనే ఉంటాయి. 8 బిట్ల సైన్డ్ టైప్‌ని స్పష్టంగా రాయండి.

మూడోది కంపైలర్ ఇచ్చే లైనే తప్పు కావడం. సింగిల్ పాస్ కంపైలర్లలో బైట్ రాసే ఫంక్షన్ సాధారణంగా "ఇప్పుడే చదివిన టోకెన్ లైన్" తీసుకుంటుంది. కూడిక ఇన్‌స్ట్రక్షన్ బయటికొచ్చేది కుడి ఆపరాండ్ పూర్తయ్యాక, కాబట్టి కుడి ఆపరాండ్ మూడు లైన్ల కింద ముగిస్తే ఎర్రర్ కూడా ఆ చివరి లైన్‌లో కనిపిస్తుంది. ప్లస్ గుర్తును చూసినప్పుడే దాని లైన్‌ని ఒక లోకల్‌లో పట్టుకుని, ఇన్‌స్ట్రక్షన్ రాసేటప్పుడు స్పష్టంగా ఇవ్వండి. ఫంక్షన్ కాల్‌కీ ఇంతే, ఆర్గ్యుమెంట్లన్నీ కంపైలయ్యాక కాల్ వస్తుంది. లువా కంపైలర్‌లో అప్పుడే రాసిన ఇన్‌స్ట్రక్షన్ లైన్‌ని సరిదిద్దడానికి ప్రత్యేకంగా ఒక చిన్న ఫంక్షన్ ఉంది, కాల్ రాసిన వెంటనే దాన్ని పిలుస్తారు. మీ దగ్గర పూర్తి అర్రే చివరి వరకు ఉంటే ఇలా దిద్దడం ఒక్క అసైన్‌మెంట్.

నాలుగోది మొదలా, చివరా అన్న గందరగోళం. ఎంట్రీలోని ఆఫ్‌సెట్ తేడా "ఈ లైన్ ఇక్కడి నుంచి మొదలు" అని చెబుతోందా, "ఈ లైన్ ఇన్ని బైట్లు సాగుతుంది" అని చెబుతోందా? రెండూ సరైనవే, వాడేవాళ్ళున్నారు. సీపైథాన్ 3.10లో మొదటిదాన్ని వదిలి రెండోదానికి మారారు. రాసేవాడు ఒకటి, చదివేవాడు ఇంకొకటి అనుకుంటే టేబుల్ అంతా ఒక ఎంట్రీ పక్కకి జరుగుతుంది, చిన్న టెస్టుల్లో ఇది బయటపడకపోవచ్చు. ఫార్మాట్ వివరించే కామెంట్‌లో బైట్లతో సహా ఒక ఉదాహరణ పెట్టండి.

బైనరీ సెర్చ్‌లో కావాల్సింది "వెతికే ఆఫ్‌సెట్‌కి సమానం లేదా తక్కువ ఉన్నవాటిలో చివరిది". సమానమైనది దొరకగానే ఆగిపోయే లైబ్రరీ ఫంక్షన్ ఇక్కడ సరిపోదు, ఎంట్రీల మధ్యలో పడే ఆఫ్‌సెట్‌లే ఎక్కువ కాబట్టి.

లైన్ లేని ఇన్‌స్ట్రక్షన్లు

ఫంక్షన్ చివర కంపైలర్ తనంతట తాను చేర్చే రిటర్న్, ఎక్సెప్షన్ తర్వాత శుభ్రం చేసే కోడ్ – వీటికి సోర్స్‌లో లైన్ లేదు. ఎర్రర్ మెసేజ్‌ల కోసమే అయితే ముందున్న లైన్‌నే కొనసాగనివ్వండి. డీబగ్గరో కవరేజ్ టూలో ఉంటే అది చాలదు, నడవని లైన్ నడిచినట్టు కనిపిస్తుంది. అందుకే సీపైథాన్ 3.10 నుంచి "లైన్ లేదు" అన్నది టేబుల్‌లోనే ఒక విలువ, ఆ వెర్షన్‌లో లైన్ తేడా −128 అయితే అర్థం అదే. పై ఫార్మాట్‌లో మీకు 3 నుంచి 9 వరకు ఖాళీ ఆజ్ఞలు మిగిలే ఉన్నాయి, ఒకటి దీనికి కేటాయించండి. (డెక్స్‌లో ఆ అంకెలకు వేరే అర్థాలున్నాయి, మీరు డెక్స్ ఫైళ్ళు రాయనంతవరకు పట్టించుకోనక్కర్లేదు.)

ఇదే తీరులో, రెండు వేర్వేరు రిటర్న్‌ల చివరి కోడ్ ఒకేలా ఉందని ఆప్టిమైజర్ వాటిని కలిపేస్తే, ఆ కోడ్ ఏ లైన్‌దో చెప్పే దారి ఉండదు. లైన్లు వేరైతే కలపకండి. మిగిలే నాలుగు బైట్ల కోసం స్టాక్ ట్రేస్‌ని అబద్ధం చేయడం నష్టమే.

బ్రేక్‌పాయింట్లకి తిరుగు ప్రశ్న వస్తుంది, లైన్ నుంచి ఆఫ్‌సెట్. మన ఉదాహరణలో లైన్ 10 రెండుసార్లు వస్తుంది, 0 దగ్గర, 6 దగ్గర. రెండింటి దగ్గరా ఆపితే వాడేవాడికి ఒకే స్టేట్‌మెంట్‌లో రెండుసార్లు ఆగినట్టుంటుంది. డ్వార్ఫ్‌లో ప్రతి ఎంట్రీకీ "ఇది స్టేట్‌మెంట్ మొదలు" అని చెప్పే ఒక గుర్తు ఉండేది ఇందుకే. డీబగ్గర్ ఆలోచన ఉంటే ఆ బిట్‌కి ఇప్పుడే చోటు చూసుకోండి. లేకపోతే వదిలేయండి.

వెతకడం నెమ్మదైతే?

తేడాల టేబుల్‌ని మొదటి నుంచి విప్పుకుంటూ రావాలి కదా అని భయపడతారు. టేబుల్ ఫంక్షన్‌కి ఒకటి, ఫంక్షన్లు చిన్నవి, ఎర్రర్లు అరుదు. రెండు వందల బైట్లు వరుసగా చదవడం ఎర్రర్ మెసేజ్‌ని తెరమీద రాయడం కన్నా చాలా చవక. ఇబ్బంది వచ్చేది మీ భాషలో ఎక్సెప్షన్లను మామూలు ప్రోగ్రామ్ నడకకే వాడినప్పుడు. విసిరిన ప్రతిసారీ యాభై ఫ్రేమ్‌ల లైన్లు లెక్కకడితే అక్కడ సమయం పోతుంది. అప్పుడు కూడా టేబుల్‌ని పెంచకండి. ఎక్సెప్షన్‌లో (ఫంక్షన్, ఐపీ) జంటలు మాత్రం దాచి, ఎవరైనా ట్రేస్‌ని అడిగినప్పుడే లైన్లుగా మార్చండి. హాట్‌స్పాట్ చేసేది ఇదే. ఒక్క జాగ్రత్త: ఆ ఫంక్షన్ ఆబ్జెక్టుల్ని ఎక్సెప్షన్ బతికున్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ తీసుకుపోకూడదు, కాబట్టి మార్కింగ్‌లో వాటినీ కలపండి. శాంప్లింగ్ ప్రొఫైలర్ విషయంలోనూ ఇదే, శాంపిల్‌లో ఐపీ దాచి చివర్లో మార్చడం.

యంత్రం పుట్టించిన వేల లైన్ల ఫంక్షన్లు మీ దగ్గర మామూలైతే, ప్రతి 64 ఎంట్రీలకీ ఒక (టేబుల్‌లో స్థానం, ఆఫ్‌సెట్, లైన్) మూడింటిని పక్కన దాచండి. వాటిలో బైనరీ సెర్చ్, ఆ తర్వాత ఎక్కువలో ఎక్కువ 64 ఎంట్రీలు విప్పడం.

కాలమ్ కూడా కావాలంటే లెక్క మారిపోతుంది. ఒకే లైన్‌లోని ఇన్‌స్ట్రక్షన్లకి కాలమ్‌లు వేరు కాబట్టి దాదాపు ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ ఎంట్రీ పుడుతుంది. సీపైథాన్ 3.11లో ఎర్రర్ కింద గుర్తులతో సరిగ్గా ఏ ముక్కో చూపించడానికి మొదలు, చివర లైన్లు, కాలమ్‌లు చేర్చినప్పుడు, ఆ ప్రతిపాదన పత్రం ప్రకారమే స్టాండర్డ్ లైబ్రరీ కంపైల్డ్ ఫైళ్ళు సుమారు 22 శాతం పెరిగాయి. అందుకే వద్దనుకునేవాళ్ళకి ఆపేసే ఆప్షన్ కూడా ఇచ్చారు. వీ8 (క్రోమ్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజిన్) దారి వేరు: లైన్ బదులు సోర్స్‌లో ఎన్నో అక్షరమో అన్న ఒక్క సంఖ్యని తేడాలుగా దాస్తుంది. లైన్ చివర్లు ఎక్కడున్నాయో సోర్స్‌ని ఒకసారి చదివి తెలుసుకుని, ఆ సంఖ్య నుంచి లైన్, కాలమ్ రెండూ తీస్తుంది. సోర్స్ ఎప్పుడూ చేతిలో ఉండే భాషకి ఇది చాలా బాగుంటుంది. కంపైల్ చేసిన ఫైల్‌ని మాత్రమే పంపే భాషకి పనికిరాదు.

ఇక ఫైల్‌లో రాసేటప్పుడు లైన్ టేబుల్‌ని కోడ్ మధ్యలో కలపకుండా విడిగా, పొడవు ముందు రాసి పెట్టండి. విడుదలకి తీసేయాలన్నప్పుడు ఆ ముక్క వదిలేస్తే చాలు. అది లేనప్పుడు వీఎం కూలిపోకుండా "లైన్ తెలియదు" అని చెప్పాలి, దీన్ని కూడా టెస్ట్ చేయండి.

టెస్టింగ్ గురించి ఒక్కటే పట్టుబట్టి చెబుతాను. డీబగ్ బిల్డ్‌లో పూర్తి అర్రేని పారేయకుండా ఉంచి, ప్రతి ఫంక్షన్ కుదించిన వెంటనే 0 నుంచి చివరి వరకు ప్రతి ఆఫ్‌సెట్‌కీ టేబుల్ ఇచ్చే లైన్, అర్రేలోని లైన్ ఒకటేనా అని చూడండి. పది లైన్ల కోడ్, అది ఉంటే ఫార్మాట్‌ని ఎన్నిసార్లైనా ధైర్యంగా మార్చుకోవచ్చు. దానికి ఇవ్వాల్సిన ఇన్‌పుట్లు: రెండు స్టేట్‌మెంట్ల మధ్య 300 ఖాళీ లైన్లు, ఒకే లైన్‌లో వందల బైట్ల కోడ్ పుట్టించే పెద్ద లిస్ట్, 40 లైన్ల బాడీ ఉన్న ఫర్ లూప్, నాలుగు లైన్ల మీద రాసిన కాల్, 70,000వ లైన్‌లో మొదలయ్యే ఫంక్షన్, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా లేని బాడీ. అయితే ఈ పోలిక కుదింపుని మాత్రమే పరీక్షిస్తుంది, ఐపీ−1నీ కంపైలర్ ఇచ్చిన లైన్‌నీ కాదు. వాటికి కావాలనే తప్పు చేసే చిన్న ప్రోగ్రాములు రాసి, వచ్చిన ఎర్రర్ మెసేజ్‌లోని లైన్‌ని ఉండాల్సిన లైన్‌తో పోల్చాలి: ఫంక్షన్‌లో మొదటి ఇన్‌స్ట్రక్షనే ఎర్రర్ ఇచ్చేది ఒకటి, చివరిది ఇచ్చేది ఒకటి, పిలిచిన ఫంక్షన్ లోపల ఎర్రర్ వచ్చి పై ఫ్రేమ్ లైన్ కూడా కనిపించేది ఒకటి.